అయిదు మచ్చల ఇల్లు

శుభవార్త వచ్చేసరికి ఆమె ఒక కాలు గుంటలోనూ, ఒక కాలు గట్టుమీదా పెట్టి, చేతిలోని తాపీని ప్యాంటుకు తుడుచుకుంటోంది.

"అమ్మాయ్, ఆగు! ఆ రెండో కాలు కింద పెట్టకు!" అని తవ్వకం నేర్పే మాస్టారు కేకపెట్టారు.

పాతకాలపు ఊరి ఆనవాళ్ళ కోసం విద్యార్థులతో నడుపుతున్న వేసవి తవ్వకాల శిబిరంలో ఆమె వంతుకు వచ్చిన గుంట అది. పక్క గుంటల్లో పగిలిన కుండపెంకులైనా దొరుకుతుంటే ఇందులో వానపాము కూడా దొరకలేదు. అందుకని ఆ సాయంత్రం దాన్ని పూడ్చేసి, ఆమెను కుళాయి దగ్గర పెంకులు కడిగే పనికి పంపాలని ముందురోజే నిర్ణయమైపోయింది. పెళ్ళై నెల తిరగలేదు. టీలో చక్కెర ఎక్కువైనా ముచ్చటపడే రోజులవి. అయినా గుంట పూడ్చేస్తారన్న మాటకు ఆమె మొహం మాడిపోయింది. నేల రాయిలా ఉందనీ, అరచేతులు బొబ్బలెక్కాయనీ ఇంట్లో భర్తకు చెప్పుకుని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

ఇప్పుడు మాస్టారి వేలు చూపినవైపు చూస్తే, తెల్లటి గట్టినేల మీద వరసగా అయిదు నల్లటి గుండ్రటి మచ్చలు.

"స్తంభాలు పాతిన గుంతలు!" అన్నారు మాస్టారు. "కర్ర కుళ్ళిపోయినా ఆ చోట మట్టి రంగు మారి మిగిలిపోతుంది. ఇక్కడ ఇల్లుండేది తల్లీ! నీ గుంట పూడ్చేది లేదు, పో!"

ఆమెకు నేలమీద కాలు నిలవలేదు. శిబిరంలో అందరూ కళ్ళజోడు అని పిలిచే తోటి విద్యార్థి టేపు పట్టుకుని దిగాడు.

"మాస్టారూ, మచ్చకీ మచ్చకీ మధ్య దూరం ఒక్కటే! ఎంత లెక్కగా కట్టారో!"

"మరి ఈ నాలుగోది ఒకదానిమీద ఒకటి రెండు పడ్డట్టుందేం?" అంది ఆమె.

"స్తంభం పుచ్చిపోతే పక్కనే ఇంకోటి పాతుకున్నారు," అని మాస్టారు తేల్చేశారు.

"ఈ చిన్న చుక్కలో?"

"కంచె పుల్లలు," అన్నారు మాస్టారు, తడుముకోకుండా.

పదింటి టీ వేళకు ఇంటికి వాకిలి ఏర్పడింది. ఇంకాసేపటికి పెరడు కూడా వచ్చింది. ఎండకు రంగు పోకుండా మాస్టారు టార్పాలిన్ కప్పించి, శిబిరం నడిపే పెద్దాయనకు ఫోను చేశారు. ఆయన భోజనం కూడా మానేసి బయల్దేరారట.

అంతలో పళ్ళ డాక్టరైన ఆమె భర్త క్యారియరు పట్టుకుని వచ్చాడు.

"ఏవండీ, ఇటు రండి! నాకు ఇల్లు దొరికింది!" అంటూ ఆమె టార్పాలిన్ అంచు ఎత్తి చూపించింది.

అతను వంగి చూశాడు. క్యారియరు చెయ్యి మార్చుకుని మళ్ళీ చూశాడు.

"అవి నా బకెట్టు మచ్చలోయ్."

"ఏ బకెట్టు?"

"నేల రాయిలా ఉందన్నావు కదా. నువ్వు లేచేలోపు వచ్చి తడిపేసి పోదామనుకున్నా. బకెట్టుకు చిల్లుందని నాకేం తెలుసు? బరువుగా ఉందని రెండడుగులకోసారి దించుకుంటూ వచ్చా. నువ్వు తవ్వే మూలకొచ్చేసరికి ఖాళీ. సిగ్గేసి చెప్పలేదు."

"నాలుగోచోట రెండుసార్లు దించారా?"

"వేళ్ళు పట్టేశాయి."

"మరి చుక్కలు?"

"చిల్లు బకెట్టన్నాక కారదా?"

చెబితే గుంట పూడుతుంది. చెప్పకపోతే పెద్దాయన ముందు మాస్టారి పరువు పోతుంది. తాపీ ఎలా పట్టుకోవాలో చెయ్యిపట్టి నేర్పిన మనిషాయన. ఆమె వెళ్ళి చెప్పేసింది.

"ఎండ తగిలిందా అమ్మాయ్?" మాస్టారు నమ్మలేదు.

డాక్టరు ఖాళీ బకెట్టుతో గట్టు వెంట నడుస్తూ దించి చూపించాడు. దించిన ప్రతిచోటా, సరిగ్గా పక్కనే ఒక మచ్చ. కళ్ళజోడు టేపును మెల్లిగా చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

దూరంగా కారు హారన్ వినిపించింది. మాస్టారి మొహం చూడలేక ఆమె మంచి బకెట్లు వెతికి తెచ్చి, గుంటంతా నీళ్ళు కుమ్మరించేసింది. స్తంభాలూ, కంచే, పెరడూ ఒకే తడిలో కలిసిపోయాయి.

పెద్దాయన దిగి చూశారు. "ఇల్లేదయ్యా?"

"ముందు టీ తాగుదాం రండి," అన్నారు మాస్టారు.

టెంటులో కూర్చుని మాస్టారు జరిగిందంతా ఒక్క ముక్క దాచకుండా చెప్పారు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వి, వెళ్తూ వెళ్తూ గుంటలోకి ఒకసారి తొంగిచూసి, ఉన్నపళంగా మోకాళ్ళ మీద కూలబడ్డారు. నేలంతా ఆరి తెల్లబడింది. ఒక్క జానెడు వెడల్పు పట్టీ మాత్రం నల్లగా, గీత గీసినట్టు సాగి, ఒకచోట మూల తిరిగింది.

"గోడకోసం తవ్విన కాలువ ఇది! తర్వాత నిండిన మట్టి కాబట్టి వదులుగా ఉండి తడి పట్టుకుంది. పొడినేలలో మన కంటికి ఆనేది కాదు. ఇంతకీ మొదట నీళ్ళు తెచ్చిన ఆ మహానుభావుడెవరు?"

అందరూ పళ్ళ డాక్టరు వంక చూశారు. అతను క్యారియరు వంక చూశాడు.

ఆ నల్లటి పట్టీ గుంట అంచుదాకా వచ్చి, తిన్నగా మాస్టారి టెంటు వైపు దారితీసింది. మాస్టారు టెంటునూ, అందులో నీడపట్టున ఉన్న తన కుర్చీనీ చూసి ఆమె వైపు తిరిగారు.

"రేపు పొద్దున్నే టెంటు పీకేసి అక్కడ తవ్వుతున్నాం. ఆ గుంట కూడా నీదేనమ్మా. సాయానికి మీ ఆయన్ని రమ్మను. ఖాళీ చేతులతో రమ్మను."