చేప మొలక శాతం తొంభై ఆరు

"వంద రోజుల్లో ప్రతి రైతు చేతిలో చేప విత్తనం పెడతాం" అని మంత్రిగారు మా పరిశోధనా సంస్థ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఒక చేత్తో చల్లుకోవాలి, రెండో చేత్తో పట్టుకోవాలి అన్నారు. అరకిలో ప్యాకెట్లలో ఇస్తామని, ప్యాకెట్ మీద తన ఫొటో చిన్నదిగా ఉంటే చాలని, ఎంత చిన్నదో చేతులు బారచాపి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ సంస్థలో టైపిస్టుని గనక రెండు చప్పట్లు ఎక్కువే కొట్టాను.

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి. చేపలవాళ్ల భాషలో చేప విత్తనం అంటే వేలెడంత చేప పిల్ల, బతికున్నది. నీళ్ల డబ్బాలో తీసుకెళ్లి చెరువులో వదులుతారు. పైర్లవాళ్ల భాషలో విత్తనమంటే విత్తనమే. మా సంస్థ మొన్నటిదాకా రెండు సంస్థలు, ఒకటి పైర్లది, ఒకటి చేపలది. మధ్య గోడ కొట్టేసి రెంటినీ కలిపేసి, పైర్ల డైరెక్టర్‌గారినే రెంటికీ పెద్దను చేశారు. ఆయన ముప్పై ఏళ్లు వడ్ల మీద పరిశోధన చేసిన మహానుభావుడు. చేపను కంచంలో తప్ప చూసి ఎరగరు. అయినా ఆ లోటు ఏనాడూ బయటపడనివ్వలేదు.

చేపల చెరువులు చూసుకునేది మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆరేళ్లుగా ఆయన ఒక రకం చేపను సాకుతున్నాడు. ఎండాకాలం చెరువు మోకాలి లోతుకు దిగి నీళ్లు సలసల కాగుతున్నా చావని చేప. చుట్టుపక్కల చిన్న చెరువులవాళ్లు ఆ పిల్లల కోసం ఏటా డబ్బాలు పట్టుకుని వెనక గేటు దగ్గరికి వస్తారు. ఇంకా ధ్రువీకరణ కాలేదని విని, ఖాళీ డబ్బాలు మోసుకుపోతారు. మంత్రిగారి ప్రకటన విన్న రోజు మా బావ ఇంటికెళ్లి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని అక్క చెప్పింది.

అయితే సంస్థకో నిబంధన ఉంది. ఏ విత్తనమైనా గేటు దాటాలంటే తేమ పన్నెండు శాతం మించకూడదు, మొలక శాతం ఎనభైకి తగ్గకూడదు. అందులో "ఏ విత్తనమైనా" అనే ఉంది. ఆ ముక్క టైపు చేసింది నేనే, ఒక్క తప్పు లేకుండా.

డైరెక్టర్‌గారు మా బావను పిలిపించారు. నేను పక్కనే ఉన్నాను.

"చేప విత్తనంలో తేమ ఎంత ఉంటుందయ్యా?"

"నీళ్లలో ఉంటాయి కదండీ."

"అంటే తడిగా ఉంటాయా?"

"బాగా తడిగానే ఉంటాయండి."

అదే మన దగ్గరున్న జబ్బు అని డైరెక్టర్‌గారు నిట్టూర్చారు. సోమవారంలోగా పిల్లలన్నిటినీ ఎండలో ఆరబోసి, పన్నెండు శాతానికి దించి, నమూనా పంపమన్నారు. ఎండబెడితే చచ్చిపోతాయండీ అని బావ మొత్తుకున్నాడు. విత్తనం ఎండితే చావదని, నిద్రపోతుందని, తడి తగలగానే లేస్తుందని ఆయన ఎంతో ఓర్పుగా బోధించారు. ధ్రువీకరణ లేకుండా ఒక్క పిల్ల గేటు దాటినా ఉద్యోగం ఊడుతుందని కూడా అంతే ఓర్పుగా చెప్పారు.

బావ తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి కూలబడ్డాడు. "ఏరా, నిబంధనలన్నీ నీ నోట్లోనే ఉంటాయిగా. దీన్ని తప్పించే దారి లేదా?"

"లేదు బావా. 'ఏ విత్తనమైనా' అని ఉంది."

"రెండు లక్షల పిల్లలురా. నా చేత్తోనే వాటిని ఎండబెట్టమంటాడు." నాకు చాలా బాధేసింది. అయినా టైపు చేసిన మాటకు తిరుగులేదు కదా, మంచినీళ్లిచ్చి పంపించాను.

శనివారం బావ చెరువు నీళ్లు వదిలేసి, జానెడు మిగిల్చి, వల వేశాడు. నేను కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను గనక ఏమీ చూడలేదు. వెనక గేటు దగ్గర నలభై డబ్బాలు, మూడు పీపాలు, ఎవరో పసిబిడ్డకు నీళ్లు పోసే తొట్టి ఒకటి నిండడం అసలే చూడలేదు. తల్లి చేపలు మాత్రం గేటు పక్కన సిమెంటు తొట్టిలోకి మారాయి. ఆ తర్వాత బావ గోడ లేని గోడ దాటి విత్తనాల గోదాములోకి వెళ్లి, ఒక బస్తా భుజానేసుకుని వచ్చాడు. మధ్యలో గోడ తీసేస్తే ఇన్ని సౌకర్యాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

మా ప్రయోగశాలలో పక్షపాతానికి తావులేదు. నమూనా మీద అంకె తప్ప పేరుండదు. ఆ అంకెకు నివేదిక వచ్చింది. తేమ పదకొండున్నర, మొలక శాతం తొంభై ఆరు. చేపల చరిత్రలో ఇంత మొలక శాతం ఎన్నడూ నమోదు కాలేదని డైరెక్టర్‌గారు పత్రికలవాళ్లకు చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు.

మంత్రిగారు వచ్చారు. చెరువు గట్టు మీద ప్యాకెట్ చించి దోసిట్లో పోసుకుని, చేపలు బంగారు రంగులో ఉన్నాయే అని మురిసిపోయారు. డైరెక్టర్‌గారు కూడా నాలుగు గింజలు తీసుకున్నారు. ముప్పై ఏళ్లు వడ్లు చూసిన కళ్లవి. గింజల్ని చూశారు, మా బావను చూశారు, మంత్రిగారిని చూశారు. నా ప్రాణం నా దగ్గర లేదు. బావ గట్టు మీది మట్టి వంక చూస్తున్నాడు.

"శ్రేష్ఠమైన విత్తనం సార్, చల్లండి" అన్నారు డైరెక్టర్‌గారు.

అక్కణ్నుంచి ప్రగతి వారం వారం పత్రికల్లో వచ్చింది. చేపలు జానెడు లేచాయి. చేపలు పచ్చగా, ఆరోగ్యంగా ఉన్నాయి. మరి కదులుతున్నాయా అని మంత్రిగారు ఫోన్లో అడిగితే, గాలి వీస్తే అన్నీ ఒకేసారి కదులుతున్నాయని డైరెక్టర్‌గారు బదులిచ్చారు. అంత క్రమశిక్షణ తమ పార్టీలో కూడా లేదని మంత్రిగారు ఆనందపడ్డారట.

నాలుగు నెలలకు తొలి చేపలు చేతికొచ్చి, విందు జరిగింది. వంట మా అక్కది. క్యాంటీన్ ఆమే చూస్తుంది. మంత్రిగారి కంచంలో తెల్లగా పొగలు కక్కుతున్న చేపల్ని వడ్డించింది. ఆయన కళ్లు మూసుకుని ఓ ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు.

"ఒక్క ముల్లు తగల్లేదయ్యా" అన్నారు చివరికి.

"తీసేశాం సార్" అన్నారు డైరెక్టర్‌గారు.

"వాసన కూడా లేదు."

"అదీ తీసేశాం సార్."

చప్పట్లు మోగాయి. అంతలో ఒక విలేకరి లేచి, చుట్టుపక్కల చెరువుల్లో ఈ సంస్థ చేపలేనంటూ కొన్ని తిరుగుతున్నాయని, వాటికి ముళ్లున్నాయని, ఎండల్లో కూడా చావకుండా చేతి పొడవు పెరిగాయని అన్నాడు. మంత్రిగారు ముద్ద వదిలేశారు. నకిలీ విత్తనం మీద ఉక్కుపాదం మోపుతామని అక్కడికక్కడే ప్రకటించారు. వెనక గేటు దగ్గర కాపలా పెట్టమన్నారు. చేపల గురించి తెలిసిన మనిషి మా బావ ఒక్కడే గనక కాపలాకు ఆయన్నే పెట్టారు.

హెచ్చరిక నేనే టైపు చేశాను. "మా సంస్థ చేప పచ్చగా మొలిచి, తెల్లగా ఉడుకుతుంది. ముల్లుండుట, తోక ఆడించుట, ఈదుట, నీటిలో బతుకుట మొదలైన లక్షణాలున్న చేపలు నకిలీవి. ప్రజలు మోసపోరాదు." అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వేశారు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకి వచ్చేసరికి వెనక గేటు నుంచి రోడ్డు మలుపు దాకా జనం, అందరి చేతుల్లోనూ డబ్బాలే. అందరికన్నా ముందు ఒక ముసలమ్మ నిలబడి ఉంది. చంకలో డబ్బా, చేతిలో మడతపెట్టిన పత్రిక.

"బాబూ, ఇందులో వేశారే, ఆ నకిలీవి ఉన్నాయా?" అని గొంతు తగ్గించి అడిగింది. "నాకు అవే కావాలి."

బావ సిమెంటు తొట్టి వంక చూశాడు. తల్లి చేపలు పిల్లల్ని పెట్టాయి కాబోలు, నీళ్లు కుతకుతలాడుతున్నాయి. తర్వాత నా వంక తిరిగాడు.

"ఏరా, నకిలీ విత్తనంలో తేమ ఎంతుండాలో నిబంధనలో ఏమైనా ఉందా?"

నేను ఆసాంతం గుర్తుచేసుకున్నాను. "ఏమీ లేదు బావా."

"అయితే డబ్బా ఇటు పట్టమ్మా" అన్నాడు.