బాబ్జాన్ పుట్టిన ఊరు

జెద్దా తెలుగువాళ్ల డిమాండ్‌కి అమెరికా ప్రభుత్వం తలొగ్గిందని ప్రవాస తెలుగు సంక్షేమ సమాఖ్య అధ్యక్షులు గురవయ్యగారు శుక్రవారం మధ్యాహ్నం, బిర్యానీ తర్వాత ప్రకటించారు. "ఇది ఆరంభం మాత్రమే" అని కూడా హెచ్చరించారు. జెద్దా పాతబస్తీ బలద్‌లో ఒక హోటల్ మేడ మీద ఉన్న మేమందరం చప్పట్లు కొట్టాం. ఈ దేశంలో సంఘాలూ సభలూ పెట్టుకోకూడదు కాబట్టి మెల్లిగా కొట్టాం. హోటలాయనకి మాత్రం గురవయ్యగారి పుట్టినరోజు పార్టీ అని చెప్పాం. ఆ లెక్కన ఆయన నెలకి రెండుసార్లు పుడతారు.

ఆయన ఎంతటివారో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. గల్ఫ్ యుద్ధంలో దేశానికి ఆ చివర దమ్మామ్ వైపు స్కడ్ క్షిపణులు వచ్చి పడుతున్నప్పుడు, ఆయన ఏ మాత్రం జంకకుండా దేశానికి ఈ చివర జెద్దాలో కూర్చుని, యుద్ధం తక్షణం ఆపాలని తీర్మానం చేశారు. రెండు నెలలు తిరక్కుండా యుద్ధం ఆగింది. ఆ తీర్మానం టైపు చేసింది నేనే. ఆయన మా కంపెనీ అడ్మిన్ మేనేజరు. మా పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలో భద్రంగా ఉంటాయి. మా ఉత్తరాలు కంపెనీ పోస్టు బాక్సుకి వస్తాయి కాబట్టి ముందు ఆయనే విప్పి చదువుతారు, చెడ్డ కబురు హఠాత్తుగా వింటే మేం తట్టుకోలేమని. అంత మంచి మనిషి. నేను ఆఫీసులో ఆయన టైపిస్టుని, సమాఖ్యలో ప్రచార కార్యదర్శిని. రెండు ఉద్యోగాలకీ కలిపి ఒకటే జీతం.

యుద్ధం అయిపోయిన అయిదారేళ్లకి, అలా విప్పిన ఉత్తరాల్లో అమెరికా నుంచి వచ్చిన లావుపాటి కవరొకటి ఉంది. మా కంపెనీ డ్రైవర్ బాబ్జాన్‌కి వీసా లాటరీలో పేరొచ్చింది. కాగితాలు చూపించి, ఇంటర్వ్యూలో నెగ్గితే భార్యాపిల్లలతో సహా గ్రీన్ కార్డు. సెప్టెంబరు ఆఖరుకల్లా వీసా పడాలి. ఆ రోజు దాటితే లాటరీ కాగితం పకోడీలు చుట్టుకోవడానికే.

బాబ్జాన్‌ది కడప జిల్లాలో గొర్లవంకపల్లె. పన్నెండేళ్లుగా కంపెనీ కారు నడుపుతున్నాడు. డ్రైవర్‌గా వచ్చినవాడు ఇక్కడికి కుటుంబాన్ని తెచ్చుకునే వీల్లేదు. రెండేళ్లకోసారి రెండు నెలలు ఇంటికెళ్లి వస్తాడు. "పోయినసారి మా చిన్నబిడ్డ నన్ను చూసి, అమ్మా ఎవురో వచ్చినారు అనె సార్" అని ఒకసారి నాతో నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. లాటరీ కబురు తెలిసిన రోజు భార్య రహమత్బీకి ఫోన్ చేసి, చేతిలో నాణేలన్నీ అయిపోయేదాకా ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారట.

ఆ సంగతే గురవయ్యగారు హోటల్ మేడ మీద ప్రకటించింది. "మన సమాఖ్య ఒత్తిడి ఫలించింది" అన్నారు. వెనకాల ప్లేట్లు సర్దుతున్న బాబ్జాన్ చెయ్యెత్తాడు.

"ఒత్తిడి గాదు సార్. నేను జెద్దాలో పుట్టినా గదా, అందుకొచ్చింది. మన దేశమోళ్లకు ఈ లాటరీ ల్యా. యాడ పుట్టింటే ఆ దేశం లెక్కలో ఏస్తారంట."

నిజమే. వాళ్లమ్మ అమీరున్నీసా ఏడో నెల కడుపుతో హజ్‌కి ఓడెక్కింది. తిరుగు ఓడ ఆలస్యమైతే జెద్దా ఆస్పత్రిలో ప్రసవించింది. నలభై రోజుల పసిగుడ్డుగా బాబ్జాన్ ఈ ఊరు వదిలాడు. పెద్దయ్యాక మళ్లీ ఇక్కడికి రావడానికి కఫీల్ అనే ఇక్కడి యజమాని పూచీ కావాల్సొచ్చింది, ఉండటానికి ఇకామా అనే అనుమతి కార్డు కావాల్సొచ్చింది. అమెరికావాళ్లు మాత్రం ఎవరి పూచీ అడక్కుండా అతణ్ణి ఈ దేశం ఖాతాలో రాసేశారు.

గురవయ్యగారి మొహం మాడిపోయింది. "తెలుగువాడు జెద్దాలో పుట్టడమేమిటయ్యా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"మాయమ్మనడగల్ల సార్ ఆ మాట."

"మన దేశానికి లాటరీ లేదని ఎవడన్నాడు?"

"ఆళ్ల కాగితంలోనే రాసినారు సార్."

"కాగితాల గురించి నాకు చెప్పకు. ఇరవై ఏళ్లుగా కాగితాలు పుట్టిస్తున్నవాణ్ణి."

అందులో అబద్ధమేమీ లేదు. కంపెనీలో ఎవరినడిగినా చెబుతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రం నుంచి చెరువుల శాఖ మంత్రిగారు సౌదీ వచ్చారు, ఎడారిలో చెరువుల నిర్వహణ అధ్యయనం చెయ్యడానికి. మూడు రోజులు బంగారం దుకాణాల్లో అధ్యయనం చేశారు. నాలుగో రోజు మా హోటల్ మేడ మీద సన్మానం. హోటలాయనకి అనుమానం రాకుండా ఈసారి కేకు కూడా తెప్పించాం. దాన్ని మంత్రిగారు కట్ చేశారు, అందరం "హ్యాపీ బర్త్‌డే" పాడాం. ఆయన కళ్లు చెమర్చాయి. బాబ్జాన్‌కి శాలువా కప్పారు. ఆగస్టు నెల కదా, వాడికి ఒళ్లంతా చెమర్చింది.

"సార్" అన్నారు గురవయ్యగారు, "అమెరికా పిలిచిన ఈ బిడ్డ, పాస్‌పోర్టు ప్రకారం జెద్దాలో పుట్టాడు. మన గడ్డకి ఇంతకంటే అవమానం ఉందా? తమరే సరిదిద్దాలి. కేసు స్ట్రాంగ్ అవుతుంది."

మంత్రిగారు చలించిపోయారు. "ఎక్కడ పుట్టాలి?"

"గొర్లవంకపల్లె సార్."

"పుట్టిద్దాం" అన్నారు మంత్రిగారు.

హోటల్ ఫోన్ నుంచే మాట్లాడారు. బాబ్జాన్ వాళ్ల నాన్న పింఛను కోసం రెండేళ్లు తిరిగి తిరిగి కన్నుమూసిన మండలాఫీసులో, వారం తిరక్కుండా బాబ్జాన్ మళ్లీ పుట్టాడు. సర్టిఫికెట్ మీద రెండు ముద్రలు, మంత్రిగారి సిఫార్సు, ఇద్దరు సాక్షులు. ప్రసవం కళ్లారా చూశానని సంతకం పెట్టిన ఒక సాక్షి, వయసులో బాబ్జాన్ కంటే నాలుగేళ్లు చిన్న. "గొర్లవంకపల్లె ముద్దుబిడ్డకు అమెరికా ఆహ్వానం" అని నేను పంపిన వార్త ఫొటోతో సహా పడింది. ఫొటోలో మంత్రిగారూ, గురవయ్యగారూ, శాలువా కనిపిస్తారు.

మర్నాడు బాబ్జాన్ ఆఫీసుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటర్వ్యూ కోసం వాడి కాగితాలన్నీ అప్పటికే గురవయ్యగారి బీరువాలోకి చేరాయి, వాళ్లమ్మ ఇన్నాళ్లూ దాచిన ఆస్పత్రి కాగితంతో సహా.

"సార్, ఆ మంత్రి కాగితం పెట్టొద్దు సార్. పెడితే నా కొంప మునుగుతాది. నా పాస్‌పోర్టూ, ఆస్పత్రి కాగితమూ ఇస్తే సాలు."

"పిచ్చివాడా! మంత్రి సంతకం ఉండగా ఆ పాత అరబ్బీ చిత్తుకాగితం ఎందుకు? తెలిస్తే మంత్రిగారు ఎంత నొచ్చుకుంటారు?"

"నా బిడ్డలతో ఒక ఇంట్లో ఉండల్లని సార్. అంతే సార్ నాకు."

"నేనూ అందుకేగా తంటాలు పడుతున్నది!" అన్నారు గురవయ్యగారు నొచ్చుకుని.

సెప్టెంబరులో ఇంటర్వ్యూ రోజు బాబ్జాన్ కారు నడిపాడు, గురవయ్యగారు వెనక సీట్లో, నేను ముందు సీట్లో. అమెరికా కాన్సులేట్ గేటు దగ్గర ఆయన లక్క సీలు వేసిన కవరు బాబ్జాన్ చేతిలో పెట్టి, "లోపల కౌంటర్లోనే విప్పాలి. సీలు చెడితే సమాఖ్య పరువు పోతుంది" అన్నారు. పాస్‌పోర్టు కూడా అందులోనే ఉంది కాబట్టి బాబ్జాన్ తీసుకున్నాడు. మేం ఏసీ వేసుకుని కారులో కూర్చున్నాం.

బయటికొచ్చినప్పుడు వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లోపలుండే ఆఫీసరమ్మ మంచిదే సార్. పాస్‌పోర్టులో జెద్దా ఉంది, మీ మంత్రి ఇంగో ఊరు రాసినాడు, నువ్వు యాడ పుట్టినావు అనె. జెద్దా అంటి. అట్లయితే మీ మంత్రి అబద్ధం రాసినాడా అనె."

"నువ్వేమన్నావ్?" అన్నారు గురవయ్యగారు, గుండె మీద చెయ్యేసుకుని.

"అవును అంటి. ఆస్పత్రి కాగితమూ, మంత్రి రాసింది తప్పని ఇంగో కాగితమూ తెమ్మనె సార్, నెలాఖరు లోపల."

"మంత్రి తప్పని కాగితమా! అక్కడ ప్రభుత్వం పడిపోతుందయ్యా!"

అయినా గురవయ్యగారిది మెత్తటి మనసు. నాలుగు రోజులు బతిమాలించుకుని ఆస్పత్రి కాగితం తిరిగిచ్చారు. మిగిలినదాని కోసం నా చేత హైదరాబాద్‌కి ఫోన్ చేయించారు. మంత్రిగారి పీఏ దొరికాడు.

"సార్‌కి శాఖ మారిందండీ. ఇప్పుడు పశువులు చూస్తున్నారు. మనుషుల పుట్టుకలు మా పరిధిలోకి రావు."

"మరి అప్పుడు చెరువులే కదండీ?"

"అప్పటి సంగతి అప్పుడే. గేదెల విషయం ఏదైనా ఉంటే చెప్పండి."

సమాఖ్య తరఫునైనా పొరపాటని ఒక్క ముక్క రాసివ్వమని బాబ్జాన్ అడిగాడు. సమాఖ్య చరిత్రలో పొరపాటన్నది లేదని గురవయ్యగారు తేల్చి చెప్పారు. వట్టి ఆస్పత్రి కాగితం పట్టుకుని వాడు మళ్లీ వెళ్లాడు. రెండోది కూడా ఉంటేనే అన్నారట.

సెప్టెంబరు ఆఖరి రోజున బాబ్జాన్ పొద్దున్నుంచీ కారు కడుగుతూనే ఉన్నాడు. "అరిగిపోతుందయ్యా" అన్నాను. "ఇంటికి ఫోన్ జేసి చెప్పల్ల సార్. బిడ్డలు ఇంగ్లీషు నేర్చుకుంటాండారంట" అని మళ్లీ బకెట్ నింపుకున్నాడు. అక్కడ నిలబడలేక నేను లోపలికి వచ్చేశాను.

ఆ శుక్రవారమే గురవయ్యగారు ఇంకోసారి పుట్టారు. అమెరికాని కాలదన్ని మన మధ్యే ఉండిపోయిన త్యాగశీలిగా బాబ్జాన్‌ని సన్మానించారు. పోయినసారి కప్పిన శాలువా సమాఖ్యదే కాబట్టి దాన్నే ఉతికించి మళ్లీ కప్పారు. "మనిషికి పుట్టిన గడ్డే గ్రీన్ కార్డు!" అన్నారు గురవయ్యగారు. ఆ వాక్యం బాగుందని నేను రెండు పేపర్లకి పంపాను.

చలికాలంలో గురవయ్యగారి అమ్మాయి శ్రీలత అత్తగారి ఊరు గుంటూరు నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. ఏడో నెల. "తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఎడారిలో ఉన్నంత మాత్రాన మన సంప్రదాయం మర్చిపోతామా?" అన్నారాయన సభలో. అందరం చప్పట్లు కొట్టాం. శ్రీలత పుట్టి పెరిగిన మేడ ఒంగోల్లో తాళం వేసి ఉంది. ఇక్కడి పుట్టిల్లు, కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఫ్లాటు.

నొప్పులు మొదలైన ఉదయం బాబ్జాన్ ఒక్క కుదుపు లేకుండా కారు నడిపి ఆస్పత్రికి చేర్చాడు. మనవడు పుట్టాడు. గురవయ్యగారు మనవణ్ణి ఒక్క క్షణం చూసి, గబగబా కౌంటర్ దగ్గరికి నడిచారు. వెనకాలే మేమిద్దరం.

"జెద్దా" అన్నారు గుమస్తాతో, అద్దం కిటికీలోకి తల దూర్చి. "జెద్దా అని స్పష్టంగా రాయండి. పెద్ద అక్షరాలు."

గుమస్తా రాశాడు. ముద్ర కూడా వేశాడు. గురవయ్యగారు ఆ కాగితాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, బాబ్జాన్ భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"అవునుగానీ బాబ్జాన్, మీ అమ్మ ఆ ఆస్పత్రి కాగితాన్ని అన్నేళ్లు చెద పట్టకుండా ఎలా దాచిందయ్యా?"

బాబ్జాన్ ఆ కాగితం మీది ముద్ర వైపు చూశాడు.

"రేకు పెట్టెలో సార్. ఏపాకు ఏసి."

"స్వామీ, రాసుకో" అన్నారు గురవయ్యగారు నాతో.

రాసుకున్నాను.