శాశ్వత చిరునామా ప్రకారం రోగం

మన దేశంలో ఎవరికి ఏ రోగం రావాలో నిర్ణయించే బాధ్యత ఇన్నాళ్ళూ దేవుడి దగ్గర ఉండేది. 2006 ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి ఆ బాధ్యతను ఫరీదాబాదులోని మా స్ప్రింగుల ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో రెండో గదికి బదిలీ చేశారని సకల జనులకూ వినయంగా తెలియజేస్తున్నాను. (దేవుడికి కాపీ పంపారో లేదో నాకు తెలియదు. పంపే ఉంటారు. మా ఆఫీసులో కాపీ పంపకుండా ఏదీ జరగదు.)

ఆ గది తలుపు మీద 'ప్రాంతీయ ఆహార, వ్యాధి సమన్వయ విభాగం' అని బోర్డు ఉంటుంది. ఆ విభాగం పుట్టుకకు కారణం ఇది. ఎవరో పెద్ద చదువులు చదివినవాళ్ళు దేశమంతా తిరిగి, కొన్ని ప్రాంతాల్లో జనానికి ఇంకా తిండి చాలడం లేదని, కొన్ని ప్రాంతాల్లో తిండి ఎక్కువై షుగరూ బీపీ గుండెజబ్బూ పెరిగాయని, కొన్నిచోట్ల రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయని తేల్చారు. అది నిజమే అయి ఉంటుంది. కష్టపడి తేల్చిన విషయాన్ని కాదనడానికి నేనెవరిని? కాకపోతే వాళ్ళు తేల్చింది ప్రాంతాల గురించి. మా కంపెనీ దాన్ని తెచ్చి మనుషులకు తగిలించింది.

విధానం చాలా తేలిక. ఉద్యోగంలో చేరినప్పుడు మనం నింపిన ఫారంలో 'శాశ్వత చిరునామా' అనే గడి ఉంటుంది. అందులో ఉన్న జిల్లా ఏ జాబితాలో ఉందో చూస్తారు. లేమి ప్రాంతమైతే పచ్చ కార్డు, కలిమి ప్రాంతమైతే పసుపు కార్డు. రెండూ కలిసిన ప్రాంతాల ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది కాబట్టి అక్కడివాళ్ళు తాత్కాలికంగా ఆరోగ్యవంతులు. ఇక ఢిల్లీలో పుట్టినవాళ్ళకు అన్ని రాష్ట్రాల రోగాలూ వస్తున్నట్టు తేలడంతో, ఏ గడిలోనూ పట్టక, వాళ్ళను శాశ్వతంగా ఆరోగ్యవంతులుగా ప్రకటించారు.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురం దగ్గర. ఇరవై రెండేళ్ళ కిందట, ఊరి మీద గౌరవం కొద్దీ, ఆ గడిలో మా వీధి పేరుతో సహా గుండ్రటి అక్షరాలతో రాశాను. ఆ గుండ్రటి అక్షరాల వల్ల నాకు షుగరు వచ్చింది.

పసుపు కార్డుతో పాటు నాకు పంచదార లేని టీ, క్యాంటీనులో సగం అన్నం, ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ మంజూరయ్యాయి. మేము స్ప్రింగులను గేజి పెట్టి సరిచూసే బల్ల దగ్గర ఎనిమిది గంటలు నిలబడి పనిచేస్తాం. షుగరు ఉన్నవాళ్ళు అంతసేపు నిలబడితే పాదాలకు ముప్పని, వాళ్ళకు కుర్చీ ఇవ్వాలని నిబంధన. మంచి నిబంధనే. నా బరువు అప్పటికి యాభై ఒక్క కిలోలు.

మా ఆవిడ జయకుమారి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆదివారం ప్రార్థనకు వెళ్ళేముందు పరగడుపున నా వేలికి సూది గుచ్చి, మిషను వంక చూసింది.

"తొంభై రెండు. ఏవండీ, మీ ఒంట్లో షుగరు కనపడాలంటే భూతద్దం పెట్టుకోవాలి."

"మరి కార్డు ఇచ్చారు కదే."

"కార్డు మీ ఊరికి ఇచ్చారు. రక్తం మీది."

ఈ తేడాను మా విభాగం దృష్టికి తీసుకెళ్ళాలని నేను అప్పుడు అనుకోలేదు. కుర్చీ బాగుంది.

నా పక్కనే బల్ల దగ్గర నిలబడే లక్ష్మీపతిది శ్రీకాకుళం వైపు. మా పై అంతస్తులోనే ఉంటాడు. చిన్నప్పుడు చోడంబలి, అంటే రాగి జావ, తాగి, మైళ్ళు నడిచి, కర్రలా ఉండేవాడట. పద్ధెనిమిదేళ్ళ కిందట ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ పొద్దున రెండు ఆలూ పరాఠాలు, పదకొండింటికి సమోసా, రోజుకు ఏడు టీలు, ఒక్కోదానిలో మూడు చెంచాల పంచదార. నడక గేటు నుంచి బస్సు దాకా. ఇప్పుడు ఎనభై ఎనిమిది కిలోలు. లేమి ప్రాంతం వాడు కాబట్టి అతనికి పచ్చ కార్డు వచ్చింది.

పచ్చ కార్డు వాళ్ళకు రోజూ మధ్యాహ్నం రెండు బెల్లం, వేరుశనగ ఉండలు ఇస్తారు. ఇంటికి పట్టుకుపోతారేమోనన్న అనుమానంతో, సూపర్వైజరు ఎదుట నమిలి, మింగి, నోరు తెరిచి చూపించి, సంతకం పెట్టాలి. వద్దంటే పథకాన్ని తిరస్కరించినట్టు. మూడుసార్లు తిరస్కరిస్తే మెమో. కుర్చీ లేదు. బలహీనులకు నిలబడి చేసే పని వల్ల కండ పడుతుందని కార్డు వెనకాల అచ్చు వేశారు.

మే నెలలో లక్ష్మీపతి కుంటుతూ కనిపించాడు. కొత్త బూటు ఒరుసుకుని ఎడమకాలి చిటికెన వేలి దగ్గర పుండు పడిందట. మూడు వారాలైనా మానలేదు. జయకుమారి పైకి వెళ్ళి కట్టు విప్పి చూసి, వేలికి సూది గుచ్చింది. మూడు వందల పద్ధెనిమిది.

మాత్రలు ఏవి వాడాలో తన ఆసుపత్రి డాక్టరు చేత రాయించింది. రోజూ కట్టు కట్టింది. కానీ ఆమె చెప్పినవాటిలో రెండు మాత్రం ఆమె చేతుల్లో లేవు. ఒకటి, ఆ బెల్లం ఉండలు మానాలి. రెండు, కాలి మీద బరువు మోపకూడదు, అంటే కూర్చుని పనిచెయ్యాలి.

"అశ్రద్ధ చేస్తే వేలు పోద్ది తమ్ముడూ. ఊరికే భయపెట్టడం లేదు," అంది.

"అశ్రద్ధ నానెక్కడ సేత్తన్నానక్కా. ఆలే శ్రద్ధగా తినిపిత్తన్నారు," అన్నాడు లక్ష్మీపతి. "మా ఊరి పేరు సెప్తే సాలు, ఈడికి ఆకలేస్తాదని రాసీసినారు. నా పొట్ట సూసి కూడా ఆకలే అంతన్నారు."

మర్నాటి నుంచి నేను నిలబడి, అతణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టాను. బెల్లం ఉండలను అతను నోట్లో పెట్టుకుని మింగినట్టు నటించి, దగ్గు వచ్చినట్టు రుమాలులోకి తీసి నాకు ఇచ్చేవాడు. మొదట్లో పారేసేవాణ్ణి. పచ్చ కార్డువాళ్ళకు ఆ రెండు ఉండలనూ పొట్లం కట్టి చేతికివ్వడం మొదలయ్యాక, రుమాలు దాకా రాకుండానే ఒకటి నా జేబులోకి చేరేది. తిండి పారేయడం పాపమని చిన్నప్పుడు నేర్పారు కనుక తినేవాణ్ణి. నెలలో రెండు కిలోలు పెరిగాను. ఈ పథకం వల్ల దేశంలో బాగుపడిన మనిషి ఒక్కడున్నాడని, ఆ ఒక్కడి పేరు జాబితాలో లేదని జయకుమారి అంది.

జూన్ మొదటి వారంలో తనిఖీ జరిగింది. కలిమి ప్రాంతపు కుర్చీలో లేమి ప్రాంతపు మనిషి కూర్చున్నట్టు కనుగొని, కుర్చీ వెనకాల నా టోకెను నంబరు తెల్ల రంగుతో రాశారు. మళ్ళీ ఇలా జరిగితే ఇద్దరికీ మెమో అన్నారు. పొట్లం పద్ధతి కూడా ఆ రోజే రద్దయింది.

ఇక విభాగాధిపతిని కలవక తప్పలేదు. రాధాకృష్ణమూర్తిగారు మన తెలుగువారే. మనవాడు కదా అని మేము ధైర్యంగా వెళ్ళాం. మనవాళ్ళు కదా అని ఆయన మరింత కఠినంగా ఉన్నారు. (పక్షపాతం అనుకుంటారని భయం. నిజాయితీపరులు.)

జయకుమారి తెచ్చిన ల్యాబు రిపోర్టు ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివారు.

"బాబురావుగారూ, ఇది కరెక్టు రిపోర్టే. నేను కాదనను. కానీ ఇది ఈయన రిపోర్టు. మాకు కావలసింది ఈయన జిల్లా రిపోర్టు."

"జిల్లాకు కాలు పుండు పడలేదండీ. ఈయనకు పడింది."

"అచ్ఛా, ఒక్క మనిషి కోసం యావరేజి మార్చమంటారా? అతనొక్కడూ యావరేజికి భిన్నంగా ఉంటే అది యావరేజి తప్పు ఎలా అవుతుంది?"

  ఇతను పద్ధెనిమిదేళ్ళుగా ఫరీదాబాదులో ఉంటున్నాడని, ఇక్కడి తిండే తింటున్నాడని, ఇప్పటి చిరునామా చూస్తే సరిపోతుంది కదా అని వినయంగా అడిగాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. ఇప్పటి చిరునామా చూడటం మొదలుపెడితే ఫ్యాక్టరీలో అందరిదీ ఫరీదాబాదే అవుతుందని, అప్పుడు ప్రాంతీయ భేదాలే ఉండవని, భేదాలు లేకపోతే వాటిని సమన్వయం చేసే విభాగం ఎందుకని పైవాళ్ళు అడుగుతారని ఓపికగా వివరించారు. ఆ గదిలో నలుగురు పనిచేస్తున్నారు. నలుగురికీ పిల్లలున్నారు.

"సార్, పోనీ నన్ను ఓపాలి తూకమెయ్యండి. ఆకలోడినా కాదా మీరే సూడండి," అన్నాడు లక్ష్మీపతి.

ఇది ఆయనకు న్యాయంగా తోచింది. తూకం వేశారు. ఎనభై ఎనిమిది. మార్గదర్శక పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు ఆన్చారు. లేమి ప్రాంతాల్లో ఒళ్ళు లావుగా కనిపిస్తే అది కొవ్వు కాదని, తిండి చాలక వచ్చిన వాపు కావచ్చని అందులో ఉంది. ఇది తీవ్ర స్థాయి కిందికి వస్తుంది.

ఆ రోజు నుంచి లక్ష్మీపతికి రోజుకు నాలుగు ఉండలు.

బయటికి వచ్చాం. బస్సు స్టాపు దగ్గర లక్ష్మీపతి, "అన్నా, మా అమ్మ ఉంటే సంతోషించునన్నా. నానేటి తిన్నా సాల్లేదనే అనీది," అన్నాడు.

బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. లక్ష్మీపతిది మా మతం కాదు, అయినా పై నుంచి దిగి వచ్చి గుమ్మం దగ్గర కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆ రోజు అతని కాలి కోసం ప్రార్థించాను. ఎందుకైనా మంచిదని అతని సొంత ఊరు చెప్పలేదు. ప్రస్తుత చిరునామా, ఇంటి నంబరుతో సహా చెప్పాను. దేవుడు కూడా జాబితా చూసే ఇస్తాడా అన్న అనుమానం ఆ మధ్య నాకు ఒకటి రెండుసార్లు వచ్చింది. క్షమించమని వెంటనే అడిగాను.

సెలవు పెట్టమని జయకుమారి పోరింది. తీవ్ర స్థాయి పచ్చ కార్డు వాళ్ళు సెలవు పెడితే ఆ రోజు ఉండలు ఎవరు తినిపించారో రుజువు కావాలట. ఇంటికి మనిషిని పంపుతామన్నారు. పంపారు కూడా. అతను డబ్బా పట్టుకుని రెండు మెట్ల వరసలు ఎక్కి, నాలుగూ తినిపించి, సంతకం చేయించుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. చాలా మర్యాదస్తుడు. సెలవు నాలుగు రోజులకు మించి ఇవ్వలేదు.

జూలై నెలాఖరుకు వేలు నల్లబడింది. జయకుమారి ఇంకెవరినీ అడగలేదు. ఆటోలో ఎక్కించుకుని తన ఆసుపత్రికే తీసుకుపోయింది. చిటికెన వేలు, దాని పక్క వేలు తీసేశారు. అంతటితో ఆగింది, అది దేవుడి దయ. ఆసుపత్రిలో ఉన్న నెలన్నరా అతనికి ఎవరూ బెల్లం పెట్టలేదు (ఆసుపత్రి మా కంపెనీ పరిధిలోకి రాదు). షుగరు అదుపులోకి వచ్చింది. ఎనభై కిలోలకు దిగాడు.

తిరిగి డ్యూటీలో చేరిన రోజు విభాగంలో తూకం వేసి, ఎనిమిది కిలోల వాపు దిగిందని రాసుకున్నారు. పథకం ఫలించినట్టు నిర్ధారణ అయింది. మా ఫ్యాక్టరీలో ఆ జిల్లావాడు లక్ష్మీపతి ఒక్కడే. అతను బాగుపడ్డాడు కనుక ఆ జిల్లాలో నూటికి నూరు శాతం లేమి తొలగిపోయినట్టు నివేదిక పైకి వెళ్ళింది. దసరా లోపలే జిల్లాను కలిమి ప్రాంతాల జాబితాలోకి ఎక్కించారు. రాధాకృష్ణమూర్తిగారు స్వయంగా మా బల్ల దగ్గరికి వచ్చి, లక్ష్మీపతితో చెయ్యి కలిపి పసుపు కార్డు ఇచ్చారు.

"కంగ్రాట్స్ అయ్యా. ఇప్పుడు మీకు అఫీషియల్‌గా షుగరు ఉంది."

"అయితే కుర్సీ ఇస్తారా సార్?"

జాబితా మారి వచ్చినవాళ్ళకు దానికి వేరే దరఖాస్తు ఉంది. అదే రోజు నింపాం, నేనే రాశాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. మా విభాగం ఆలస్యం చేయదు. కుర్చీ పథకం ఉద్దేశం షుగరు ఉన్న కార్మికుడి పది కాలివేళ్ళనూ కాపాడటమని, ఎనిమిది వేళ్ళు ఉన్నవారి విషయంలో ఆ ఉద్దేశం ఇక నెరవేరే అవకాశం లేదని, అందువల్ల దరఖాస్తును విచారంతో తిరస్కరిస్తున్నామని అందులో ఉంది.

లక్ష్మీపతి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బల్లకు ఆనుకుని, బరువంతా కుడికాలి మీద వేసి గేజి అందుకున్నాడు. నేను లేవబోయాను. సూపర్వైజరు చూస్తున్నాడు. నా వేళ్ళు పదీ ఉన్నాయి కనుక కూర్చున్నాను.