సంరక్షకులతో రావలెను

మనిషి బతకడానికి సిద్ధంగా ఉన్నాడో లేడో తేల్చుకునే పని ఇన్నాళ్ళూ ఆ మనిషికే వదిలేయడం ఘోరమైన పొరపాటని 2008లో ఒకానొక శాఖ కనిపెట్టింది. దిద్దుబాటుగా నాచారంలో ఒక రేకుల షెడ్డు కింద 'జీవన నైపుణ్య సంసిద్ధత పరీక్ష' పెట్టింది. వికలాంగులైన పదో తరగతి పిల్లలు అందులో నెగ్గితే కంప్యూటర్ శిక్షణలో సీటు, హాస్టల్ ఉచితం.

విక్టోరియాకు ఆ సీటు కావాలి. పుట్టినప్పటి నుంచి ఆమెకు ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ మాట వినవు. తల్లి ఎస్తేర్ ఫ్యాక్టరీలో బిస్కెట్లు ప్యాక్ చేస్తుంది. ఒక పూట మానితే మర్నాటి నుంచి రావద్దంటారు. అందుకని విక్టోరియా పొద్దున్నే ట్యాంకర్ నీళ్ళు పట్టి, చెల్లెకు వండిపెట్టి, బోడుప్పల్‌లో ఒక బస్సు, ఉప్పల్‌లో ఇంకో బస్సు ఎక్కి ఒక్కతే వచ్చింది. (నిబంధన నాలుగు ప్రకారం నీళ్ళు పట్టడం, వండిపెట్టడం నైపుణ్యాలు కావు, ఇంటి పరిస్థితులు.)

ముందు సంతోషి వంతు. అమ్మానాన్నలతో కారులో వచ్చింది. మైక్రోవేవ్, ఏటీఎం, లిఫ్టు గురించి అడిగిన ప్రతి ప్రశ్నకూ వాళ్ళమ్మే జవాబు చెప్పింది. దాహంగా ఉందా అని అడిగినా ఆమే చెప్పింది. పరీక్షాధికారి గంగాధరరావు మెచ్చుకుని తొంభై రెండు మార్కులు వేశాడు.

విక్టోరియా కూర్చుంది.

"మీ ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉందా?"

"లేదు సార్. నేనున్న."

ఆ జవాబుకు కాగితంలో గడి లేదు. ఆయన సున్నా వేశాడు. మైక్రోవేవ్‌కూ సున్నాయే. 'ఒంటరి బస్సు ప్రయాణం' దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రెండు టికెట్లూ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి నొచ్చుకున్నాడు. ఆ అంశాన్ని సంరక్షకుల సమక్షంలోనే పరీక్షించాలట.

"ఒక్కదానివే వచ్చావనడానికి పక్కన ఎవరైనా ఉండాలి కదమ్మా."

మొత్తం పద్నాలుగు మార్కులు. సీటు ఇంకా చేజారలేదని ఆయనే ఊరడించాడు. అంబర్‌పేట్‌లో మూడు నెలల ఉచిత తర్ఫీదు, తర్వాత మళ్ళీ పరీక్ష. సంరక్షకులు మాత్రం రోజూ పదింటి నుంచి ఐదింటి దాకా పిల్ల పక్కనే కూర్చోవాలి.

"మా అమ్మ రోజు గాడ కూసుంటే పని పోతది సార్. మేం తినుడెట్ల?"

గంగాధరరావు ఫైల్లోంచి ఆమె ఆదాయ ధ్రువపత్రం తీసి, కళ్ళజోడు సర్దుకుని శ్రద్ధగా చదివాడు.

"దిగులు పడకమ్మా. పని పోతే ఆదాయం తగ్గుతుంది. అప్పుడు నీ అర్హత ఇంకా గట్టిపడుతుంది."