రెండుసార్లు తిరగేసిన పట్టిక

ఆ శుక్రవారం పొద్దున సాలొమోను వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి ఆఫీసులో దేశాల ర్యాంకుల పట్టికను అచ్చుకు పంపాలి, శనివారం కూతురికి తెల్లబట్టలు కొనాలి, ఆదివారం అందరూ కలిసి చర్చికి వెళ్లాలి. ఫెయిత్ బాప్తిస్మం అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ అడ్డొచ్చింది అతని ఆఫీసే.

"పాపా, ఇస్ బార్ పక్కా నా? ఈసారి ఖాయమే కదా నాన్నా? మీరు రాకపోతే నేను నీళ్లలోకి దిగను," అంది ఫెయిత్ గుమ్మంలో నిలబడి. ఆసుపత్రికి బయల్దేరుతున్న అతని భార్య సరళకుమారి మాత్రం ఏమీ అనలేదు. ఆ ఆదివారం డ్యూటీ తప్పించుకోవడానికి తోటి నర్సులందరినీ ఆవిడ ఎంత బతిమాలుకుందో సాలొమోనుకు తెలుసు. అందుకే కూతురి మాట కన్నా పెళ్లాం మౌనమే అతనికి గట్టిగా తగిలింది.

దేశ రాజధానిలో, అశోకా రోడ్ పక్క సందులో ఉన్న అతని సంస్థ చేసే పని ఘనమైనది. ఏ దేశంలో కార్మికులకు ఎన్ని హక్కులు దక్కుతున్నాయి, ఏ దేశంలో కంపెనీలు ఎంత పద్ధతిగా నడుస్తున్నాయి అని నానా దేశాల నుంచి లెక్కలు తెప్పించి ర్యాంకులు వేస్తుంది. వారానికొక రోజు సెలవు మనిషి హక్కు అని అందులో ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయాన్ని సాలొమోను ఆదివారాలు ఆఫీసులో కూర్చుని రాశాడు. దీపం కిందే చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ లెక్కల్లో ఒక మెలిక ఉంది. జెనీవా నుంచి వచ్చేది కార్మికుల ఫిర్యాదుల లెక్క. అందులో అంకె పెరిగేకొద్దీ దేశం చెడ్డదన్నమాట. కంపెనీల తీరు మీద వచ్చే లెక్కలో అంకె పెరిగితే మంచిది. రెంటినీ కలపాలంటే ముందు ఫిర్యాదుల లెక్కను తిరగేయాలి, అంటే పెద్ద అంకెను చిన్నదిగా, చిన్నదాన్ని పెద్దదిగా మార్చాలి. సాలొమోను గురువారం సాయంత్రమే ఆ పని చేసి ఇంటికెళ్లాడు. మర్నాడు పెందలాడే వచ్చిన అతని సహాయకురాలు శరణ్య, కూతురి బాప్తిస్మం హడావిడిలో ఆయన మరిచిపోయి ఉంటాడని జాలిపడి, తనూ ఒకసారి తిరగేసింది. చేసిన మేలు చెప్పుకోకూడదని ఎవరికీ చెప్పలేదు. రెండుసార్లు తిరగేసిన లెక్క మళ్లీ మొదటికొచ్చింది. నిన్న చూసిందే కదా అని సాలొమోను దాన్ని అలాగే అచ్చుకు పంపేశాడు.

డైరెక్టర్ రాజగోపాల్ గారికి పట్టికలో మొదటి వరుస తప్ప చదివే అలవాటు లేదు. ఆ వరుసలో ఏ దేశం ఉంటే ఆ దేశపు రాయబార కార్యాలయానికి అభినందనల ఫాక్స్ పంపడం ఆయన మర్యాద. సాయంత్రానికి ఇద్దరు మోసుకొచ్చేంత పూలబుట్ట దిగింది. దాని మీది పేరు చూసి సాలొమోను కుర్చీలో కూలబడ్డాడు. పేరు మనకెందుకు గానీ, కూలీలను లోపల పెట్టి బయట తాళాలు వేస్తారని ఫిర్యాదులొచ్చిన దేశం అది. ఆ ఫిర్యాదులన్నీ చదివినవాడూ, చదివి అన్నం సయించక లేచినవాడూ అతనే.

శరణ్య మొహం పాలిపోయింది. "నేను గూడ ఆ లెక్క తిప్పిన అంకుల్. మీరు తిప్పలేదేమో అనుకున్న."

ఇద్దరూ వెళ్లి డైరెక్టర్ గారి ముందు తప్పు ఒప్పుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది. రాయబారి స్వయంగా ఆదివారం పొద్దున షీల్డుతో వస్తానని కబురంపాడట. ఇప్పుడు తప్పంటే సంస్థ పరువేం కావాలన్నారు రాజగోపాల్ గారు. ముందు షీల్డు పుచ్చుకోవాలి, ఆయన వెళ్లాక సాలొమోను కూర్చుని పట్టిక సరిచేయాలి. సాలొమోను బాప్తిస్మం సంగతి చెప్పాడు. వచ్చే వారం కూడా ఆదివారం ఉంటుంది కదా అని ఆయన ఓదార్చారు.

శనివారం తెల్లబట్టలు కొనాల్సిన వేళకు సాలొమోను ఆఫీసులో కుర్చీలు సర్దుతున్నాడు. ఇంట్లో ఏమని చెప్పాలో ఇంకా తోచలేదు. అప్పుడు ఫోన్ మోగింది. రాయబార కార్యాలయం వాళ్లు. రాజగోపాల్ గారు అందరూ వినాలని స్పీకర్ నొక్కారు. మొదటి ర్యాంకు కబురుకు తమ అధ్యక్షులవారు పొంగిపోయి, ఇకపై దేశమంతటా ఆదివారం సెలవని నిన్న రాత్రి రేడియోలో ప్రకటించారట. ఫ్యాక్టరీలతో పాటు రాయబార కార్యాలయం కూడా మూసెయ్యాలట. కార్మిక హక్కుల్లో మొదటి దేశం ఆదివారం పనిచేస్తే బాగుండదు గనక రాయబారి రాలేరట, మన్నించాలట.

రాజగోపాల్ గారు ఫోన్ పెట్టేసి, అయితే మరీ మంచిదన్నారు. వచ్చేవాళ్లు లేరు గనక సాలొమోను రేపు పొద్దున్నే వచ్చి పట్టిక పని మొదలుపెట్టవచ్చు.

సాలొమోను చేతిలోని కుర్చీ కింద పెట్టాడు.

"నేను రానండి. తాళాలేసే దేశానికే రేపు సెలవంట. మనకి లేదంటే మరి మనల్ని ఏ వరుసలో రాయమంటారో మీరే చెప్పండి."

ఉద్యోగంలో చేరాక అతను అంత పొడుగు మాట అనడం అదే మొదలు. రాజగోపాల్ గారు పూలబుట్ట వంక చూశారు, శరణ్య వంక చూశారు, చివరికి వెళ్లి రమ్మన్నారు.

ఆదివారం ఫెయిత్ తల్లి తెల్లచీర కట్టుకుని నీళ్లలోకి దిగింది. తువ్వాలు పట్టుకుని గట్టున నిలబడ్డ సాలొమోను, కూతురు తల పైకెత్తి తనకోసం వెతకడం చూసి ఏడ్చేశాడు. ఆ వేళకి ఆ దేశంలో ఎక్కడో ఒక కూలీ పొద్దెక్కినా లేవకుండా పడుకుని ఉంటాడనిపించి, అతనికోసం కూడా ప్రార్థన చేశాడు.

సోమవారం సవరణ అచ్చయింది. ఆ దేశం మొదటి వరుస నుంచి అట్టడుగుకు జారింది. వాళ్లు మండిపడ్డారు గానీ, అధ్యక్షులవారు రేడియోలో అన్న మాట మింగడం ఎవరి తరమూ కాలేదు, సెలవు నిలిచిపోయింది. సాలొమోను ఆఫీసులోనూ ఆ తర్వాత ఏ ఆదివారమూ రమ్మనడానికి రాజగోపాల్ గారికి నోరు రాలేదు.

రెండో శనివారం సెలవు కావాలంటే మాత్రం ఇంకో తప్పు జరగాలి.