నిమ్మకాయ తొక్కిన యంత్రం

ఆ రోజు నర్సు మేనక వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు చెన్నమ్మాళ్ అవ్వను మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చాలి. మార్చేటప్పుడు ఎవరూ నడుం వంచకూడదు. ఆసుపత్రి యజమాని డాక్టర్ వెంకటేశన్ దాన్ని కళ్ళారా చూడాలి. అంతే.

ఉడుమలైపేటలోని ఆ ఆసుపత్రిలో నడుం నొప్పి లేని నర్సును వెతికి పట్టుకోవడం కష్టం. రోగుల్ని ఎత్తీ ఎత్తీ, దించీ దించీ, ఒకరి తరవాత ఒకరు సెలవు పెట్టారు. ఆయా రామాయి చీర మీద బెల్టు బిగించుకుని, బెల్టు మీద చెయ్యి వేసుకుని నడుస్తుంది. మేనకకు కూడా కొన్నాళ్ళుగా పొద్దున లేవగానే నడుం పట్టేస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగానికే ఎసరు వస్తుందని భయం. అందుకే కోయంబత్తూరు కంపెనీ వాళ్ళు రోగుల్ని ఎత్తే యంత్రం ఒకటి చూడడానికని పంపినప్పుడు, ఆమె లోలోపల మొక్కుకుంది. యంత్రం డాక్టరుకు నచ్చితే ఆసుపత్రిలోనే ఉంటుంది. నచ్చకపోతే సాయంత్రం కంపెనీ మనిషి వచ్చి తీసుకుపోతాడు.

యంత్రం చూడడానికి తెల్లగా, ముద్దుగా ఉంది. కింద నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో స్తంభం, దాని కొసన కొంగ మెడలా ముందుకు సాగిన ఇనుప చెయ్యి. ఆ చేతికి గుడ్డ ఊయల తగిలించి రోగిని కూర్చోబెట్టాలి. పైకి ఎత్తడానికి ఒక మీట, కిందికి దించడానికి ఒక మీట. ఏదైనా తేడా వస్తే ఆపడానికి స్తంభం మీద ఎర్ర బొత్తం, దాని పక్కనే చేత్తో లాగి దించే రింగు. మేనక అన్నీ కంఠతా పట్టింది.

కాలు విరిగి పడుకున్న చెన్నమ్మాళ్ అవ్వ యంత్రాన్ని పై నుంచి కింది దాకా చూసింది. ఆవిడ భారీ మనిషి. ఆవిడను పక్కకు తిప్పాలంటేనే ఇద్దరు కావాలి.

"కొత్త బండా?" అని అడిగింది.

"ఆమా అవ్వా," అని తలాడించింది మేనక. "నిన్నదా వచ్చింది." నిన్ననే అనడానికి అక్కడి తెలుగులో నిన్నదా అంటారు.

"పూజ వేసినారా?"

"ఇది బండి కాదవ్వా. మనుషుల్ని ఎత్తే మిషను."

"చక్రం ఉండాదా, లేదా?"

"ఉండాది."

"అట్లయితే బండిదా. తోపులో మందు కొట్టే మిషనుకే నిమ్మకాయ పెట్టి తీసినాము మేము. నన్ను పోయి ఉత్తగా ఎక్కమంటావా, కన్నూ? నేను ఎక్కను."

మేనక వాళ్ళ ఇంట్లో మిక్సీకి కూడా బొట్టు పెట్టాకే మొదటి చట్నీ రుబ్బారు. "సరి అవ్వా, ఒకే ఒక నిమ్మకాయ. కర్పూరం వద్దు, ఇక్కడ ఆక్సిజన్ ఉండాది," అంది.

అవ్వ కొడుకు కందసామి కొబ్బరి తోట ఆసామి. ఒకే ఒక నిమ్మకాయతో ఏ పనీ మొదలుపెట్టిన మనిషి కాడు. అవ్వను చూడడానికి వ్యాన్లో వచ్చిన చుట్టాలు కింద వరండాలో కూర్చుని విసుగు పుట్టి ఉన్నారు. ఆయన ఫోన్లో ఒక మాట అన్నాడో లేదో, అందరూ పైకి వచ్చేశారు. ఒకామె గిన్నెలో గంధం కలిపింది. ఇంకొకామె సంచిలోంచి కుంకుమ డబ్బీ తీసింది. రెండూ యంత్రానికి పూసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఎవరో కొబ్బరికాయ పట్టుకొచ్చి వార్డు గుమ్మం మీదే కొట్టారు, నీళ్ళు మంచాల దాకా పారాయి. రామాయి తుడిచే గుడ్డ తేవడానికి వెళ్ళిందిగానీ, పూజ మొదలయ్యేసరికి గుడ్డ మరిచిపోయి చేతులు జోడించి ముందు వరసలో నిలబడింది.

పక్క వార్డు వాళ్ళకు విషయం తెలియదు. లోపల ఏదో దేవుణ్ణి పెట్టారని చెప్పులు విడిచి వచ్చారు. చేతికి సెలైన్ ఉన్న ఒక పెద్దాయన ఆ స్టాండుతో సహా వచ్చి, "ప్రసాదం ఎప్పుడు ఇస్తారు?" అని అడిగాడు.

"ఇది ప్రసాదం ఇచ్చే సామి కాదు, తాతా!" అంది మేనక. పెద్దాయన నమ్మలేదు. వరసలోనే నిలబడ్డాడు.

అప్పుడే డాక్టర్ వెంకటేశన్ వచ్చారు. గుమ్మం దగ్గర జనం, గంధం వాసన, ఎదురుగా చేయంత లావు పూలదండ ఎత్తి పట్టుకుని నడిచొస్తున్న కందసామి. డాక్టరు ముఖం వెలిగిపోయింది.

"అయ్యో, ఇదంతా ఏంటికి?" అంటూ తల కాస్త ముందుకు వంచారు.

"కొంచెం జరగండి సార్," అని కందసామి ఆయన్ని దాటుకుని పోయి, దండను యంత్రానికి వేశాడు. స్తంభం చుట్టూ రెండు మెలికలు తిప్పి గట్టిగా కట్టాడు కూడా.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటేశన్ తల ఎత్తి, మెడ పట్టేసినట్టుగా అటూ ఇటూ తిప్పుకున్నారు. "చూపించు, మేనకా. నాకు పని ఉంది," అన్నారు. ఆ గొంతు విన్నాక మేనకకు సాయంత్రం వచ్చే కంపెనీ మనిషే కళ్ళ ముందు మెదిలాడు.

యంత్రం నిమ్మకాయల్ని చితకతొక్కుతూ ముందుకు జరిగింది. అవ్వ తృప్తిగా ఊయలలో కూర్చుంది. మేనక మీట అందుకుంది. రెండు మీటల మీదా అరచేతి మందాన గంధం, దాని మీద కుంకుమ. పైకి ఏదో, కిందికి ఏదో గుర్తు కనబడలేదు. లెక్క చూసుకుని ఒకటి నొక్కింది. అవ్వ మెల్లగా పైకి లేచింది. ఎవరూ నడుం వంచలేదు. చుట్టాలు చప్పట్లు కొట్టారు.

మేనక వేలు తీసింది. అవ్వ ఆగలేదు. గంధం లోపలికి దిగి మీట అతుక్కుపోయింది.

"చాలు పాపా, దించు," అంది అవ్వ.

"దించుతా ఉండాను అవ్వా," అంది మేనక, రెండో మీట మీద రెండు బొటనవేళ్ళూ పెట్టి. అది కదల్లేదు. ఎర్ర బొత్తం నొక్కుదామని చూస్తే స్తంభం నిండా చామంతులు. దండ లాగితే ముడి ఇంకా బిగుసుకుంది.

యంత్రం చేయి చివరి దాకా పోయి, తనంతట తానే ఆగింది. అవ్వ తలుపు ఎత్తున వేలాడుతోంది. కందసామి, "అమ్మా!" అని ఒక్క ఉరుకు ఉరికాడు. మోటార్లనే బావిలోంచి ఎత్తిన చేతులు. కానీ కాలు కొబ్బరి నీళ్ళ మీద పడింది. తల్లి నడుం పట్టుకోబోయిన మనిషి తన నడుం పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"అయ్యో, లేవలేనే!"

"కదలొద్దండీ! ఎవరూ ఆయన్ని లాగొద్దు!" అని మేనక అరిచింది. ఆమె అంత గట్టిగా అరవగలదని ఆ వార్డులో ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా.

పైన అవ్వ మాత్రం ఎప్పుడో కుదుటపడింది. కిటికీలోంచి రోడ్డు కనబడుతోంది. మంచం పట్టాక ఆవిడ రోడ్డు చూడడం ఇదే మొదలు.

"ఒరే కందా! మన కాయల లారీ టీ కొట్టు కాడ నిలబడి ఉండాది రా. డ్రైవరు నిద్ర పోతా ఉండాడు. పొద్దున్నే మార్కెట్టుకు పంపినా అని నాకు అబద్ధం చెప్తావా?"

"అమ్మా, ఇప్పుడా అది? నా నడుం పోయింది!"

"నీ నడుం యాడికీ పోలేదు. నా కాయలుదా ఎండకు పోతా ఉండాయి."

రామాయి కత్తెర తెచ్చి దండ కోసింది. మేనక బొత్తం నొక్కి, రింగు పట్టి లాగింది. అవ్వ పువ్వు రాలినట్టు నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చుంది. "అప్పుడే అయిపోయిందా?" అంది నిరాశగా.

మేనక దూదితో మీటల్లోని గంధం తీసి, నేల తుడిపించి, ఊయలను కందసామి కింద పరిచింది. ఆమె, రామాయి ఇద్దరే. ఎవరూ లాగలేదు, ఎవరూ మూలగలేదు, కందసామి తప్ప. యంత్రం ఆయన్ని నేల మీద నుంచి ఎత్తి, తల్లి ఖాళీ చేసిన మంచం మీద పడుకోబెట్టింది. మేనక వెంకటేశన్ వైపు చూసింది.

ఆయన పాదాల దగ్గర దండ ముక్క పడి ఉంది. దాన్ని చూస్తూ, "సాయంత్రం తీసుకుపొమ్మని చెప్పు," అని వెళ్ళిపోయారు. రామాయి బెల్టు ఒక రంధ్రం ముందుకు బిగించుకుంది.

సాయంత్రం కంపెనీ మనిషి నందకుమార్ వచ్చాడు. యంత్రాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తెల్లటి స్తంభానికి మూడు గంధం పట్టీలు, మధ్యలో ఎర్రటి బొట్టు, చక్రాల నిండా నిమ్మ తొక్కలు.

"సార్, దీన్ని రేపు పళని పక్కన ఇంకొకరికి చూపించాల. ఇదేంది సార్, దీనికి పెళ్ళి చేసేసినారు?"

"తుడిస్తే పోతుంది!" అన్నారు వెంకటేశన్. "రామాయీ, తుడువు!"

రామాయి తడిగుడ్డతో తుడిచింది. చాలా శ్రద్ధగా తుడిచింది. బొట్టు స్తంభం అంతటా పాకి, యంత్రం పెళ్ళికూతురులా ఎర్రబడింది.

వెంకటేశన్ ఆసుపత్రిలో ఎప్పుడూ తమిళమే మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం ఇంటి తెలుగులోకి దిగేవారు. "ఎవరు చెప్పినారు దీనికి బొట్టు పెట్టమని?"

"నేనుదా చెప్పినాను," అంది చెన్నమ్మాళ్ కుర్చీలోంచి. "ఏం తంబీ, కింద నిలబడి ఉండాదే నీ కారు, దానికి ముందర నిమ్మకాయ కట్టి ఉండాదా లేదా?"

కట్టి ఉంది. పచ్చిమిరపకాయలతో సహా.

నందకుమార్ చేతులు కట్టుకున్నాడు. "సార్, నాకూ ఇల్లు ఉండాది, శకునం పట్టింపు ఉండాది. పూజ వేసిన బండిని అదే దినం గుమ్మం దాటించి వెనక్కి తోసుకుపోతే మా ఓనరు ముదలాళి నన్ను కొట్టు లోపలికి విడవడు. వాడినది వాడినట్టే సార్. మీరే ఉంచుకోండి."

వెంకటేశన్ యంత్రాన్ని చూశారు, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ రామాయిని చూశారు, మంచం మీద మూలుగుతున్న కందసామిని చూశారు. తరవాత తన గదికి పోయారు. యంత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ తరవాత ఆ వార్డులో రోగుల్ని ఎత్తే పని దానిదే అయింది. కందసామి లేచి నడిచేదాకా ఆయన్ని కూడా అదే ఎత్తింది, అదే దించింది. మేనక నడుం పొద్దున్నే పట్టేయడం మానింది.

కొన్నాళ్ళకు, మీట నొక్కితే తలవైపు లేచే మంచం ఒకటి, నచ్చకపోతే వెనక్కి పంపమని ఆసుపత్రికి వచ్చింది. అట్టపెట్టె విప్పడానికి మనిషి వచ్చేసరికి రామాయి కుంకుమ డబ్బీతో సిద్ధంగా నిలబడి ఉంది.