తిరగని గిర్నీకి తిరునాళ్ళు

ఫ్యాక్టరీ అన్నాక సరుకు తయారు చేయాలని మీకు ఎవరు చెప్పారండీ? అది పాత చింతకాయ పచ్చడి! ఈ రోజుల్లో ఫ్యాక్టరీ పని తయారు చేయడం కాదు, కనపడటం. అందులోనూ సహకార సంఘం ఫ్యాక్టరీ అయితే మరీనూ! నలుగురూ రావాలి, చూడాలి, ఆహా అనాలి, ఫోటో దిగి వెళ్ళాలి. ఇంతకు మించిన గ్రామీణాభివృద్ధి ఇంకొకటి ఉందంటే నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి నువ్వెవరయ్యా అంటారా? జనగామలో మా ఇంటి గేటుకు బోర్డుంది చూడండి, 'సామాజిక వ్యాపార సలహాదారు' అని. నేను ఇంతవరకు ఏ వ్యాపారమూ చేసిన పాపాన పోలేదు. అందుకే నా సలహాలు పూర్తి నిష్పక్షపాతంగా ఉంటాయి.

మానుకోట అవతల ఒక ఊళ్ళో ఆడవాళ్ళ మిర్చి గిర్నీ ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే మీరు కూడా బస్సు మాట్లాడుకుని బయల్దేరతారు. నూట పన్నెండు మంది ఆడవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. తమ చేలల్లో పండిన మిర్చిని మార్కెట్లో ఎంతకో అంతకు పడేసి రావడమెందుకు, మనమే ఎండబెట్టి, తొడిమెలు తీసి, కారం పట్టి అమ్ముకుందాం అనుకున్నారు. అధ్యక్షురాలు సారక్క. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. గిర్నీ నడిపేది భూదేవి. మోటారు చప్పుడు వినే బెల్టు ఎంత వదులైందో చెప్పేస్తుంది.

గిర్నీ తిరగడం మొదలైన నెలకే దానికి అదృష్టం పట్టింది. ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చి గోడకు 'మోడల్ యూనిట్' అని బోర్డు కొట్టింది. ఆ సంస్థ కోఆర్డినేటర్ పేరు వివేక్. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు. పాపం మంచివాడే, ఎండిన మిరపకాయను చూసినా 'వండర్‌ఫుల్' అంటాడు.

ఇక చూడండి సందర్శకుల వరద! ఒడిశా నుంచి ఒక బృందం, రాజస్థాన్ నుంచి ఒక బృందం. ఎంబీయే పిల్లలు, ఆ పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళు, ఆ చెప్పేవాళ్ళకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు. ఒకసారైతే, ఇంతమంది సందర్శకులను ఈ ఆడవాళ్ళు ఎలా సంభాళిస్తున్నారో అధ్యయనం చేయడానికే ఒక బృందం దిగింది! ఇంకోరోజు రెండు బస్సులు ఎదురెదురుగా ఆగాయి. ఈ బస్సువాళ్ళు ఆ బస్సువాళ్ళను, ఆ బస్సువాళ్ళు ఈ బస్సువాళ్ళను ఫోటోలు తీసుకుని, గిర్నీ గడప తొక్కకుండానే తృప్తిగా వెళ్ళిపోయారు.

వచ్చిన ప్రతివాళ్ళూ సారక్కకు శాలువా కప్పారు. ఇంట్లో జాగా లేక, మొన్న చలికాలం ఆమె బర్రె కూడా జరీ అంచు శాలువా కప్పుకుని నెమరేసింది. పశుసంక్షేమం కూడా సహకార ఉద్యమంలో భాగమే కదా?

ఇది ఒక్క ఊరి భాగ్యం కాదు. లింగాల ఘనపూర్ వైపు ఒక జొన్నరొట్టెల సంఘం ఉందట. వచ్చినవాళ్ళకు రుచి చూపించడానికే రొట్టెలన్నీ అయిపోయి, చేసేవాళ్ళు ఉప్మా తిని పడుకుంటున్నారట. జఫర్‌గఢ్ దగ్గర ఒక గొర్రెల సంఘంలో కెమెరా చూడగానే గొర్రెలు ఎత్తు ప్రకారం వరుస కడుతున్నాయని నాకు చెప్పినవాడు అబద్ధాలాడే రకం కాదు.

మన గిర్నీకి మాత్రం మొదట్లో ఒక చిన్న చిక్కు వచ్చింది. మిరపకాయలు పడితే ఘాటు లేస్తుంది. ఘాటు లేస్తే తుమ్మొస్తుంది. మనవైపు పద్ధతి మీకు తెలిసిందే, బయల్దేరబోయే మనిషి తుమ్మితే కదలనివ్వరు. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, కాసేపాగి పంపిస్తారు. మొట్టమొదట వచ్చిన పెద్దాయన లేస్తూ తుమ్మాడు. కూర్చోబెట్టారు. నీళ్ళు తాగి లేచాడు, మళ్ళీ తుమ్మాడు. మళ్ళీ కూర్చోబెట్టారు. అలా పదకొండుసార్లు! పాపం ఆయన రైలు, ఆ తర్వాతి రైలు కూడా మానుకోట స్టేషన్ దాటిపోయాయి.

అప్పటినుంచి వివేక్ ఒక నియమం పెట్టాడు. అతిథులున్నంతసేపు మిరపకాయ పట్టకూడదు. మరి వాళ్ళు గిర్నీ తిరగడం చూడాలంటారే? అందుకని ఖాళీగా తిప్పేవారు. ఖాళీ గిర్నీ ఫోటోలో బాగుండదు కదా? అందుకని కింద పళ్ళెంలో ఎర్రగా కుంకుమ పోసి పెట్టేవారు. కుంకుమకు ఘాటుండదు, తుమ్ము రాదు, ఫోటోలో మిరపకారం కన్నా అందంగా పడుతుంది. ఎంత తెలివి!

ఆ తెలివి సంగతి నాకు చెప్పడం మాత్రం మరిచారు. సలహా ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నేను చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. కాస్త చేదు తగిలింది. ఆర్గానిక్ అయ్యుంటుందనుకుని రిపోర్టులో 'ఘాటు సమతూకంగా ఉంది' అని రాశాను. నా నాలుక రెండు రోజులు ముత్తయిదువ నుదురులా ఎర్రగా ఉంది.

రోజుకొక బృందం రావడంతో గిర్నీ రోజూ ఖాళీగానే తిరిగింది. ఇదే కదా అభివృద్ధికి పరాకాష్ఠ! కానీ భూదేవికి ఇది అర్థం కాలేదు. మే నెలలో ఒకరోజు నన్ను పక్కకు పిలిచి తన గోడు వెళ్ళబోసుకుంది.

ఆమె చెల్లెలు రాణి భూపాలపల్లిలో గని క్వార్టర్లలో ఉంటుంది. మా అక్కవాళ్ళ కారం చూడండమ్మా అని ఇంటింటికీ తిరిగి చెప్పి, మామిడికాయ తొక్కు కోసం ఎనిమిది బస్తాల మిర్చి పట్టించి పంపమని క్వార్టర్ల వాళ్ళ చేత చెప్పించింది. సంఘం పుట్టాక వచ్చిన మొదటి పెద్ద బేరం అది. ఆదివారం అందరూ కాయ కొట్టించుకుంటారు. కొట్టిన మామిడి ముక్క కారం కోసం ఎన్నాళ్ళు ఆగుతుంది? శనివారానికి కారం చేరకపోతే క్వార్టర్ల వాళ్ళు దుకాణంలో ప్యాకెట్లు తెచ్చుకుంటారు. ఇక జన్మలో వీళ్ళను అడగరు. రాణి అక్కడ తలెత్తుకోలేదు.

"సారూ, గింతమంది వచ్చి చూస్తున్నరు మంచిగనే ఉన్నది. గానీ మిరపకాయ ఎప్పుడు పట్టాలె?" అని అడిగింది.

నేను సలహాదారును కదా, వెంటనే సలహా ఇచ్చాను. మామిడికాయల్నే ఒక నెల ఆపమని చెప్పండి, కావాలంటే వాటికో అవగాహన సదస్సు పెడదాం అన్నాను. భూదేవి నన్ను ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. నాకెందుకో ఆ చూపు నచ్చలేదు.

శుక్రవారం పొద్దున్నే నలభై మందితో ఏసీ బస్సు వచ్చింది. ఇది అన్నిటికన్నా పెద్ద బృందమని, వీళ్ళు మెచ్చితే మోడల్ యూనిట్ కాస్తా జాతీయ మోడల్ యూనిట్ అవుతుందని వివేక్ ముందురోజే చెప్పాడు. ఆడవాళ్ళు బొట్టుపెట్టి కోలాటమాడారు. శాలువా కార్యక్రమం అయింది. కుంకుమ పళ్ళెం సిద్ధంగా ఉంది. ఎనిమిది బస్తాల మిర్చి మూలన ఉంది, అందులో మూడింటికి ఇంకా తొడిమెలు కూడా తీయలేదు.

సారక్క ఆ బస్తాల వంక చూసింది. తర్వాత కుంకుమ పళ్ళెం తీసి పక్కన పెట్టింది. భూదేవికి ఒకే మాట చెప్పింది.

"మిరపకాయ పొయ్యవే."

గిర్నీ బర్రున అందుకుంది. ఏమి ఘాటు నాయనా! వరుసగా నలభై తుమ్ములు! ట్యాబు పట్టుకుని తుమ్మినవాడొకడు, ఉపన్యాసం మధ్యలో తుమ్మినవాడొకడు. వివేక్ 'వండర్‌' వరకు అని మిగతాది తుమ్మేశాడు. అందరూ బస్సువైపు పరిగెత్తారు. సారక్క బస్సు మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"తుమ్ము తుమ్మి బయలెల్లుతరా? మా ఊరికెల్లి పోయినంక ఏమన్నైతె మాకు మాట రాదా? జర కూసోని నీళ్ళు తాగి పోండ్రి."

అంత ప్రేమగా చెబితే ఎవరు కాదంటారు? సగానికి సగం మంది తమ పరిశోధనల్లో స్థానిక సంప్రదాయాలను గౌరవించాలని రాసినవాళ్ళే. కూర్చున్నారు. నీళ్ళు తాగారు. లేచారు. గిర్నీ నడుస్తూనే ఉంది కదా, మళ్ళీ తుమ్మారు. మళ్ళీ కూర్చున్నారు. డ్రైవర్ తుమ్మకుండా పది నిమిషాలు ఓపిక పట్టాడు కానీ, అతనికి కూడా వచ్చింది.

నాలుగోసారి కూర్చోబెట్టినప్పుడు సారక్క వాళ్ళ ముందు తొడిమెలు తీయని మూడు బస్తాలు గుమ్మరించింది.

"ఉత్తగ కూసుంటె పొద్దు పోదు. గీ తొడిమెలన్న తీయుండ్రి," అంది.

నేనూ తీశాను. అబద్ధమెందుకు, ఏడాదిలో పందొమ్మిదిసార్లు ఆ ఊరు వెళ్ళాను, మిరపకాయను చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. వేళ్ళు మండాయి. అదే చేత్తో కన్ను నలుపుకున్న ఒక ప్రొఫెసరు గారి సంగతి రాయడానికి నాకు మనసొప్పడం లేదు. నా పక్కనున్న ఆవిడ మాత్రం కాసేపటికి ముక్కుకు చున్నీ కట్టుకుని గబగబా తీయడం మొదలుపెట్టింది. ఇక్కడికొచ్చాక ఇదొక్కటే అర్థమైంది అని కూడా అంది.

పొద్దు వాలేసరికి ఎనిమిది బస్తాలూ పట్టడం అయిపోయింది. గిర్నీ ఆగింది, తుమ్ములు ఆగాయి, బస్సు వెళ్ళింది. నేను మాత్రం ఆగాను. ఎందుకంటే వెళ్ళేటప్పుడు సందర్శకులకు శాంపిల్ ప్యాకెట్ ఇవ్వడం ఆనవాయితీ. నా బ్యాగు జిప్పు తీసి సిద్ధంగా నిలబడ్డాను.

సారక్క చేతుల కారం దులుపుకుంటూ వచ్చింది.

"సారూ, మీ ఇంట్ల ఏం కారం వాడుతరు?"

మా ఆవిడ అహల్య నెలనెలా సూపర్ మార్కెట్ నుంచి తెప్పించే ప్యాకెట్ కళ్ళముందు మెదిలింది. ప్యాకెట్ కారమే అన్నాను. ఎంత చిన్నగా అన్నానో నాకే వినపడలేదు. ఆమెకు వినపడింది.

"ఏడాది సంది వచ్చినోళ్ళందరు మంచిగున్నదన్నరు. ఒక్కలన్న పావుకిల కొనలే," అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే. కిలో కారం సంచీలో పోసి, మూతి కట్టి నా ముందు పెట్టింది. నేను చెయ్యి చాపాను. ఆమె సంచీ వదల్లేదు. "పైసల్ తియ్యి సారూ."

తీశాను. పందొమ్మిది సందర్శనల్లో నా చెయ్యి జేబులోకి వెళ్ళడం అదే మొదలు. సిగ్గేసింది.

శనివారం కారం భూపాలపల్లి చేరింది. ఆదివారం క్వార్టర్ల నిండా తొక్కు పెట్టుకున్నారట. ఇంకో నాలుగు బస్తాలది పంపమని రాణి సోమవారమే ఫోన్ చేసింది. వివేక్ సంస్థ 'మోడల్ యూనిట్' బోర్డు పీక్కుపోయింది. ఒక్క బస్సూ రావడం లేదు. శాలువాలు లేవు, ఫోటోలు లేవు. గిర్నీ పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. ఎంత ఘోరం!

అయ్యలారా, అమ్మలారా, ఇకనైనా మేల్కొనండి. సంఘాల వాళ్ళు ఇలా సరుకు తయారు చేయడం, పైగా చూడటానికి వచ్చినవాళ్ళ చేత కొనిపించడం మొదలుపెడితే, రేపు ఊళ్ళ అభివృద్ధిని చూడటానికి ఎవరు వస్తారండీ?